పిల్లల కాళ్లు ఎందుకు వంగుతాయి? ఎలా సరవుతాయి?

ఏడాది దాటి నడక మొదలుపెట్టిన పిల్లవాడు మోకాళ్ల మధ్య పిడికిలి పట్టేంత సందుతో, దొడ్డికాళ్లతో, అటూ ఇటూ ఊగుతూ నడుస్తాడు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ ఇంట్లోవాళ్లకు లోపల దిగులు. డైపర్ వల్లేనంటుంది నాయనమ్మ. అస్తమానం చంకనేసుకు తిరిగారంటుంది అమ్మమ్మ. తొందరపడి నడిపించారని పక్కింటివాళ్ల తీర్పు. రెండేళ్లు గడిచేసరికి అవే కాళ్లు రెండోవైపుకు తిరిగి, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోవడం మొదలవుతుంది. ఈసారి దిగులు రెట్టింపు. మొదట చేసిన మర్దన మరీ ఎక్కువైందేమోనని కొత్త అనుమానం కూడా తోడవుతుంది.

నూటికి తొంభై ఇళ్లలో ఈ రెండు దిగుళ్లూ అక్కర్లేనివే. పిల్లల కాళ్లు పెద్దల కాళ్లకు చిన్న నకళ్లు కావు. వాటికొక వరస ఉంది: బయటికి వంగి, సరయి, లోపలికి వంగి, మళ్లీ సర్దుకుంటాయి. కాబట్టి వంకర ఉందా లేదా అని కాదు, ఆ వయసుకు ఉండాల్సిన వంకరేనా అని చూడాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

పుట్టినప్పుడు కాళ్లెందుకు వంగి ఉంటాయి?

గర్భంలో చోటు తక్కువ. నెలలు నిండేకొద్దీ బిడ్డ తుంటినీ మోకాళ్లనూ ముడుచుకుని, తొడలు పక్కకు తెరిచి, పిక్కలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసుకుని సర్దుకుంటుంది. మెత్తటి ఎముకలు, మృదులాస్థి, కీళ్ల చుట్టూ ఉండే కండ అంతా ఆ భంగిమకు అలవాటుపడుతుంది. పుట్టగానే కాళ్లు చాపితే అవి దొడ్డికాళ్లుగా కనబడక తప్పదు.

ఇందులో కొంత కంటిమాయ కూడా ఉంది. పసిబిడ్డ తుంటి బయటివైపు తిరిగి ఉంటుంది, మోకాలు పూర్తిగా చాపుకోదు, పిక్క ఎముక కాస్త లోపలికి మెలితిరిగి ఉంటుంది. ఈ మూడూ కలిస్తే అసలున్న వంపు కంటే ఎక్కువ వంపు కనబడుతుంది. మోకాలిచిప్పను పైకప్పువైపు ఉండేలా తిప్పి చూడండి, వంకరలో కొంత అక్కడికక్కడే తగ్గిపోతుంది.

ఆ తర్వాత ఎలా మారతాయి?

1975లో ఫిన్లాండ్‌కు చెందిన సలేనియస్, వాంకా అనే వైద్యులు వెయ్యిమందికి పైగా పిల్లల మోకాళ్ల కోణాలను కొలిచి, వక్రరేఖగా గీసి ప్రచురించారు. ఎముకల డాక్టర్లు ఇప్పటికీ ఆ వక్రరేఖను దృష్టిలో పెట్టుకునే మాట్లాడతారు. దాని ప్రకారం పుట్టినప్పుడు మోకాలి దగ్గర దాదాపు 15 డిగ్రీలు బయటికి వంపు ఉంటుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య కాలు తిన్నగా అవుతుంది. అక్కడితో ఆగదు. మూడు, నాలుగేళ్లకు లోపలికి 10, 12 డిగ్రీల దాకా వంగి, ఆరేడేళ్లకల్లా 5 నుంచి 7 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. పెద్దయ్యాక కూడా దాదాపు అంతే. మనం తిన్నని కాళ్లనుకునేవి కూడా కొలబద్ద పెట్టి చూస్తే కాస్త లోపలికి వాలినవే. తుంటి కీళ్లు రెండూ ఎడంగా ఉంటాయి, పాదాలు దగ్గరగా పడతాయి, కనుక తొడ ఎముక ఏటవాలుగా దిగాలి.

ఈ అంకెలు సగటులు. ఒక బిడ్డ కొన్ని నెలలు ముందు, ఇంకొక బిడ్డ కొన్ని నెలలు వెనక ఉండటంలో వింతేమీ లేదు. పెదనాన్న కూతురికి రెండేళ్లకే సరయ్యాయి, మావాడికి రెండున్నరకు గానీ కాలేదు అని పోలికలు పెట్టుకోనక్కర్లేదు.

మరి గట్టి ఎముక తనంతట తాను ఎలా సరవుతుంది? పెరిగే ఎముక గట్టిది నిజమేగానీ, దాని రెండు చివర్లా మృదులాస్థితో చేసిన పలుచని పొర ఉంటుంది. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. కాలి పొడుగులో దాదాపు మూడింట రెండువంతులు మోకాలికి పైనా కిందా ఉన్న రెండు ప్లేట్ల నుంచే వస్తుంది. ప్లేటు బయటి అంచు ఒకలా, లోపలి అంచు ఇంకోలా పెరిగితే కాలి దిశ మారుతుంది. వంగడమూ సరవడమూ రెండూ అక్కడే జరుగుతాయి. పాత ఎముకను ఎవరూ వంచి సరిచేయడం లేదు, కొత్త ఎముక వేరే దిశలో వచ్చి చేరుతోంది. అందుకే దీనికి రోజులు కాదు, నెలలూ ఏళ్లూ పడుతుంది.

ఈ ప్లేట్లకు ఒక స్వభావం ఉంది. ఒకవైపు మితిమీరిన ఒత్తిడి అదేపనిగా పడితే ఆ వైపు పెరుగుదల మందగిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, జబ్బుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

డైపర్, చంక, నూనె, వాకర్: వీటిలో ఎవరిది తప్పు?

డైపర్‌ది కాదు. దాని మందానికి తొడలు ఎడంగా ఉంటాయి, నడక వెడల్పవుతుంది, అంతే. ఎముక వంగదు.

చంకనెత్తుకోవడానిది అసలే కాదు. పైగా అది మన పెద్దవాళ్లు తెలిసో తెలియకో చేసిన మంచిపని. కాళ్లు రెండూ ఎడంగా, తుంటి ముడిచి, తల్లి నడుముకు అటొకటీ ఇటొకటీ వేసుకుని కూర్చున్న బిడ్డకు తుంటి బంతి దాని గిన్నెలో సరిగా కూర్చుంటుంది. ప్రమాదం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. వంకర కాళ్లు సరవుతాయని పసిబిడ్డ కాళ్లు రెండూ చాపి, దగ్గరకు లాగి, గుడ్డతో బిగించి చుట్టడం. ఇలా చుడితే తుంటి గిన్నె లోతుగా ఏర్పడదు, బంతి జారిపోయే అవకాశం పెరుగుతుంది. జపాన్‌లో 1975 నుంచి పసిపిల్లల కాళ్లు చాపి కట్టొద్దని దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాత అక్కడ తుంటి జారే కేసులు బాగా తగ్గాయి. బిడ్డను గుడ్డలో చుట్టదలిస్తే చేతులను చుట్టండి, కాళ్లకు తన్నుకునే వీలుండాలి.

నూనె మర్దన హాయినిస్తుంది, బిడ్డ నిద్రపోతుంది, ఎత్తుకున్న చేతికి బిడ్డ దగ్గరవుతుంది. ఇన్ని మంచి కారణాలుండగా, ఎముకలు సరవుతాయన్న లేని కారణం దానికి అంటగట్టడం దేనికి? మెల్లగా రాయండి. మోకాళ్లు నొక్కి, పాదాలు పట్టుకు లాగి తిన్నగా చేసే ప్రయత్నం మాత్రం వద్దు.

వాకర్ విషయంలో భయపడాల్సింది వంకర గురించి కాదు, పడిపోవడం గురించి. మెట్లమీద నుంచి దొర్లి తలకు దెబ్బలు తగిలే పిల్లలు ఎక్కువన్న కారణంతోనే కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇక తొందరగా నడిచిన పిల్లలకు కాళ్లు వంగుతాయనడం చాలావరకు అపోహే. ఎప్పుడు నడవాలన్నది పిల్లలు తమంతట తామే తేల్చుకుంటారు. మనం నడిపిస్తే నడిచేదీ లేదు, ఆపితే ఆగేదీ లేదు.

పాదాలు లోపలికి వేసి ఎందుకు నడుస్తారు?

వంకర ఒక సంగతి, మెలిక ఇంకో సంగతి. ఈ రెంటినీ ఒకటే అనుకోవడంతో చాలా గందరగోళం వస్తుంది. తడిబట్టను పిండేటప్పుడు ఒక చివర అలాగే ఉండి రెండో చివర తిరుగుతుంది కదా, పొడుగు ఎముకలో మెలిక అంటే అలాంటిదే: పై చివర ఒక దిక్కు చూస్తుంటే కింది చివర మరో దిక్కు చూస్తుంది. ఎముక తిన్నగానే ఉన్నా పాదం పక్కకు పోతుంది.

ఈ మెలిక మూడుచోట్ల ఉండొచ్చు. చిత్రమేమిటంటే, ఏ చోటన్నది బిడ్డ వయసును బట్టే చాలావరకు ఊహించవచ్చు.

చంటిబిడ్డ అయితే సాధారణంగా పాదంలోనే. పాదం ముందుభాగం లోపలికి వంగి, అరికాలి బయటి అంచు విల్లులా ఉంటుంది. వేలితో నెడితే సరయ్యే మెత్తటి వంపయితే చాలామందిలో ఏడాదిలోగా అదే పోతుంది. నెట్టినా కదలని గట్టి వంపును, లేదా మడమ కూడా లోపలికి తిరిగి పాదం కిందికి దిగి ఉన్న వంకరపాదాన్ని పుట్టిన మొదటి వారాల్లోనే డాక్టరుకు చూపించాలి. వంకరపాదం వేరే సంగతి. దానికి పొన్సెటీ పద్ధతిలో వారం వారం కట్టు మార్చే మంచి వైద్యం ఉంది. తొందరగా మొదలుపెడితే తేలిగ్గా లొంగుతుంది.

ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డయితే మెలిక పిక్క ఎముకలో. మోకాలిచిప్ప ఎదురుగానే చూస్తుంది, పాదం మాత్రం లోపలికి పోతుంది. పెద్దల్లో పిక్క ఎముక 15, 20 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది. పిల్లలు ఆ కోణానికి చేరడానికి కొన్నేళ్లు పడుతుంది.

మూడేళ్లు దాటాక కనబడేది తొడ ఎముకలోని మెలిక. ఇది ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ. తొడ ఎముక పైభాగంలో ఉండే మెడ, పుట్టినప్పుడు మోకాలి అడ్డగీతతో పోలిస్తే 40 డిగ్రీల వరకు ముందుకు తిరిగి ఉంటుంది. పెరిగి పెద్దయ్యేసరికి అది 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ దిగడం ఎనిమిది, పదేళ్ల దాకా మెల్లగా సాగుతుంది. ఈలోగా తుంటి బంతి గిన్నెలో సర్దుకుని కూర్చోవాలంటే తొడ మొత్తం లోపలికి తిరగాలి. అందుకే ఈ పిల్లలు నడుస్తుంటే పాదాలే కాదు, మోకాలిచిప్పలు కూడా ఒకదాన్నొకటి చూసుకుంటాయి. పరుగెత్తేటప్పుడు పిక్కలు బయటికి విసురుగా తిరుగుతాయి.

వీళ్ల కూర్చునే తీరు కూడా పట్టిస్తుంది. బాసింపట్టు వేసుకోవడం వీళ్లకు కష్టం. మోకాళ్లు ముందుకు మడిచి, పాదాలు రెండువైపులా పరిచి, పిరుదులు నేలకు ఆనించి హాయిగా కూర్చుంటారు. అలా కూర్చోబట్టే కాళ్లు తిరిగాయని తల్లులు కసురుతారు, టీచర్లు సరిగ్గా కూర్చోమంటారు. నిజానికి వరస తిరగబడింది: తొడ ఎముక అలా ఉంది కనుక ఆ కూర్చునే తీరు వాళ్లకు సుఖంగా ఉంది. తిట్టి మాన్పిస్తే ఎముక మెలిక తగ్గదు, బిడ్డ బిడియపడుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో లిన్ స్టహేలీ అనే పిల్లల ఎముకల వైద్యుడు 1985లో తన బృందంతో కలిసి మామూలు మనుషుల కాళ్లు కొలిచి, మెలికకు వయసులవారీ హద్దులు గీశాడు. మామూలుతనం ఎంత వెడల్పైనదో ఆ పట్టికలు చూస్తే అర్థమవుతుంది. ఒకే వయసు పిల్లల్లో తుంటి లోపలికి 40 డిగ్రీలే తిరిగేవాళ్లూ ఉన్నారు, 60 తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ మామూలే.

మరి ప్రత్యేకమైన బూట్లు?

ఎముకల వైద్యానికి ప్రపంచమంతటా గుర్తుగా నిలిచిన బొమ్మ ఒకటుంది: వంకరగా పెరిగిన చెట్టును గుంజకు తాడుతో కట్టి ఉంచిన బొమ్మ. 1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు రాసిన పుస్తకంలోది. అందమైన బొమ్మే, కానీ ఆ ఆలోచనతోనే చాలా తరాల పిల్లలకు ఇనప కమ్మీల బూట్లు, నడుము నుంచి కాళ్లకు చుట్టే మెలికల పట్టీలు, రాత్రిపూట రెండు పాదాలనూ ఒక కడ్డీకి బిగించే చెప్పులు తొడిగారు. వాటికి మంచి పేరు ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. రెండేళ్ల బిడ్డకు బూట్లు వేశారు, నాలుగేళ్లకు పాదాలు సరయ్యాయి. బూట్లు వేయని బిడ్డకు కూడా నాలుగేళ్లకు సరయ్యాయి. కానీ ఆ రెండో బిడ్డ సంగతి ఎవరూ రాసుకోలేదు.

రాసుకుని చూసినప్పుడు నిజం తేలింది. చదునైన పాదాల మీద అమెరికాలో డెనిస్ వెంగర్ బృందం 1989లో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. మూడేళ్లపాటు కొందరికి ప్రత్యేక బూట్లు, కొందరికి లోపలి అచ్చులు ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. చివరికి ఎక్స్‌రేల్లో అందరూ ఒకేలా మెరుగయ్యారు.

పాదం చదునుగా ఉండటం కూడా చిన్నవయసులో సహజమే. అరికాలి వంపులో కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి. బిడ్డను మునివేళ్లమీద నిలబెట్టండి, వంపు కనబడితే చాలు. మనకు దగ్గరలో, మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 1992లో ప్రచురించిన సర్వే ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. 4 నుంచి 13 ఏళ్ల మధ్య వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు చూస్తే, చెప్పులు, బూట్లు వేసుకునేవాళ్లలో చదునుపాదాలు 8.6 శాతం, ఒట్టికాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. ఇంట్లో, ఇసుకలో, గడ్డిమీద పిల్లల్ని ఒట్టికాళ్లతో తిరగనివ్వమనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బయటికి వెళ్లేటప్పుడు కాలిని కాపాడే మెత్తటి, సరైన కొలత చెప్పులు వేస్తే చాలు. వేలకు వేలు పోసి కొన్న దిద్దుబాటు బూట్ల కంటే అవే నయం.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

బిడ్డను నిలబెట్టి, లేదా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపండి. మోకాలిచిప్పలు రెండూ ఎదురుగా చూడాలి. కొలతలో తప్పంతా ఇక్కడే జరుగుతుంది. దొడ్డికాళ్లయితే చీలమండలు రెండూ కలిపి మోకాళ్ల మధ్య సందు కొలవండి. మోకాళ్లు రాసుకునే బిడ్డయితే మోకాళ్లు తగిలీ తగలనట్టు ఉంచి, చీలమండల మధ్య సందు కొలవండి. నాలుగైదేళ్ల వయసులో ఆ సందు 8 సెంటీమీటర్లలోపుంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు. అదే భంగిమలో ఫోటో తీసి, నాలుగైదు నెలలకు మళ్లీ తీయండి. ఒక్క కొలత కన్నా రెండు కొలతల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ ఫోటోలే మొదట అడుగుతారు.

ఎప్పుడు ఊరుకోకూడదు?

రెండేళ్లు దాటాక దొడ్డికాళ్లు తగ్గకపోగా పెరుగుతుంటే. ఏడెనిమిదేళ్లు దాటినా మోకాళ్లు బాగా రాసుకుంటుంటే. ఒక కాలే వంగి, రెండోది బాగుంటే. నొప్పి, కుంటు, ఎత్తు పెరగకపోవడం, మునివేళ్లమీదే నడక, కాళ్లు బిగుసుకుపోవడం వీటిలో ఏది తోడైనా. ఒక పక్క మాత్రమే తేడా అన్నది వీటన్నిటిలో పెద్ద గుర్తు. సహజమైన వంపు రెండు కాళ్లనూ సమానంగా చూస్తుంది.

బరువెక్కువున్న, తొందరగా నడిచిన కొందరు పిల్లల్లో మోకాలి లోపలివైపు గ్రోత్ ప్లేట్ మీద ఒత్తిడి పడి, అక్కడ పెరుగుదల ఆగుతుంది. ఇందాక చెప్పిన స్వభావమే. లోపలి వైపు ఆగితే వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. బ్లౌంట్ జబ్బు అంటారు. ఇది సహజమైన దొడ్డికాళ్లతో మొదట్లో అచ్చం ఒకేలా ఉంటుంది, రెండేళ్లు దాటాకే ఎక్స్‌రేలో విడిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా మోకాలు బయటికి తన్నుకొస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

మన దగ్గర ఎక్కువగా చూడాల్సింది రికెట్స్. విటమిన్ డి, కాల్షియం చాలక గ్రోత్ ప్లేట్లు గట్టిపడవు. మణికట్టు దగ్గర ఎముక లావెక్కుతుంది, పళ్లు, నడక ఆలస్యమవుతాయి, కాళ్లు ఎటైనా వంగుతాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే చాలు తేల్చడానికి. మందు సరిగ్గా వాడితే చిన్నపిల్లల్లో చాలా వంపులు ఆపరేషన్ లేకుండానే పోతాయి. రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక: మొదటి ఏడాది పిల్లలందరికీ రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి ఇవ్వాలని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. అయితే మందుల షాపులో దొరికే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లను ఎవరో చెప్పారని వారం వారం పట్టించొద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మూత్రపిండాలకు హాని.

ఇక నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతి. నాలుగేళ్ల బిడ్డకు మోకాళ్లు రాసుకుంటే అది ఎదుగుదల, పన్నెండేళ్ల బిడ్డకు రాసుకుంటే అది జబ్బు కావచ్చు. దీనికి మన నేలమీద ఇంతకంటే బాధాకరమైన రుజువు లేదు. ప్రకాశం ప్రాంతంలోని పొదిలి, దర్శి వైపు తాగునీటి ఫ్లోరైడ్‌తో ఎముకలు చెడుతున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న ఎదిగే పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మీ ఊళ్లో బోరు నీళ్లు తాగే పిల్లల పళ్లమీద పసుపు, గోధుమ చారలుంటే, కాళ్ల కంటే ముందు నీటిని పరీక్ష చేయించండి.

అలాంటి వంపును సరిచేయడానికి ఇప్పుడు ఎముకను విరగ్గొట్టనక్కర్లేదు. గ్రోత్ ప్లేట్ ఒక అంచున రెండు స్క్రూలతో చిన్న పట్టీ బిగిస్తారు. ఆ అంచు ఆగుతుంది, రెండో అంచు పెరుగుతుంది, కాలు మెల్లగా తిన్నగా వస్తుంది. సరవగానే పట్టీ తీసేస్తారు. ఇది పనిచేయాలంటే ఒక్కటే షరతు, కాలు ఇంకా పెరుగుతూ ఉండాలి. ఆడపిల్లల్లో సుమారు 14, మగపిల్లల్లో సుమారు 16 ఏళ్లకు ఆ పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి పదేళ్లు దాటిన బిడ్డ మోకాళ్లు ఇంకా రాసుకుంటుంటే, ఇంకొక ఏడాది చూద్దామని ఆగకుండా పిల్లల ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.